ఇత్తడి నగరం: దూరపు మంట

వేయిన్నొక్క రాత్రుల కథల్లో ఇత్తడి నగరం కథ ఒకటి ఉంది. 1957లో అల్లావుద్దీనుకూ 1970లో ఆలీబాబాకూ తెలుగు వెండితెర మీద దక్కిన ఆదరణ దానికి దక్కలేదు కాబట్టి ఆ పేరు మన పాఠకుల్లో చాలామందికి కొత్తగానే ఉండవచ్చు. ఆ నగరం కోటగోడలు నల్లరాతివి. రెండు బురుజులు మాత్రం అండలూసియా ఇత్తడివి. దూరం నుంచి చూసేవారికి ఆ బురుజులు రెండు మంటల్లా కనిపిస్తాయనీ, అందువల్లనే ఆ ఊరికి ఆ పేరు వచ్చిందనీ కథే చెబుతుంది. ఆ నగరంలో మంట అంటూ ఉన్నది అంతే. దగ్గరకు వెళ్ళినవాడికి నల్లరాయి తగులుతుంది.

ఇదే పేరుగల మరో నగరం ఉంది. దాని చుట్టూ నిప్పుల సముద్రం, వీధుల్లో అగ్నిజీవులు, సింహాసనం మీద సుల్తాను. మన విద్యార్థుల్లో కొందరు వారాంతాల్లో పాచికలు పుచ్చుకొని వెళుతున్నది ఈ రెండో నగరానికి. మొదటి నగరం రెండో నగరం ఎలా అయింది, ఆ మార్పులో ఏది పోయింది అన్నదే ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచిన విషయం. ఆటల గురించి తెలుగు శాఖవారికి ఎందుకని అడిగేవారు ఉంటారు. కథ ఎక్కడికి వెళితే విమర్శ అక్కడికి వెళ్ళక తప్పదు.

ఆట సంగతి తెలియనివారికి రెండు మాటలు. 1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను ప్రచురించారు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర: యోధుడు, మాంత్రికుడు, దొంగ. ఒకరు మాత్రం పాత్ర ధరించక లోకాన్నంతా నడిపిస్తారు. డంజన్ మాస్టర్ అని వారి పేరు. మన మాటల్లో సూత్రధారి అనడం సమంజసం. పాత్రధారి "నేను గోడ ఎక్కుతాను" అంటే ఎక్కగలిగాడా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. కొంత వీధినాటకం, కొంత వైకుంఠపాళి. కథ జరిగే చోట్లను వర్ణిస్తూ పెద్ద పెద్ద గ్రంథాలు అచ్చవుతాయి. ఇత్తడి నగరం అలాంటి చోట్లలో పేరున్నది.

ముందు మూలకథను చూద్దాం. ఖలీఫా అబ్దుల్ మలిక్ ఇబ్న్ మర్వాన్ కొలువులో ఒకనాడు సులేమాన్ ప్రవక్త జిన్నులను బంధించి సముద్రంలో పారవేయించిన లోహపు పాత్రల ప్రస్తావన వస్తుంది. ఆ ప్రస్తావనను అందుకొన్నవాడు తాలిబ్ బిన్ సహల్. నిధులు వెదకడం అతని వ్యసనం. ఖలీఫా ఆజ్ఞతో అతడూ, పడమటి దేశాలను ఏలే మూసా బిన్ నుసైరూ, దారి తెలిసిన వృద్ధుడు షేక్ అబ్దుల్ సమదూ ఎడారి దాటి వెళతారు. దారిలో పాడుపడిన కోట ఒకటి. గోడల మీద, పలకల మీద శాసనాలు. వాటిని చదవగలవాడు షేక్ ఒక్కడే. అతడు చదివి చెప్పినప్పుడల్లా మూసా ఏడుస్తాడు, ఒక్కొక్కసారి మూర్ఛపోతాడు. ఇంకొంత దూరం వెళితే చంకల దాకా రాతిస్తంభంలో కూరుకుపోయిన జిన్ను కనిపించి తన కథ చెబుతాడు. తరువాత నగరం.

ఆ నగరానికి లోపలికి పోయే ద్వారం కనిపించదు. నిచ్చెన కట్టి గోడ ఎక్కినవాడు లోపలికి చూసి, చప్పట్లు కొట్టి, దూకి చచ్చిపోతాడు. ఒకరి తరువాత ఒకరుగా పలువురు ఇలాగే పోతారు. కింద నీళ్ళున్నట్టూ, అందగత్తెలు రమ్మని పిలుస్తున్నట్టూ భ్రమ. చివరికి షేక్ ఎక్కి, దైవవాక్యాలు పఠిస్తూ భ్రమను గెలిచి, దిగే దారి కనిపెట్టి తలుపులు తెరుస్తాడు. లోపల అంగళ్ళు తెరిచే ఉన్నాయి. సరుకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. వర్తకులు కూర్చున్నచోటనే ఎండిపోయి ఉన్నారు. అంతఃపురంలో మంచం మీద రాణి. కళ్ళు మెరుస్తున్నాయి. చూసినవాడు బతికే ఉందనుకుంటాడు, కాని ఆ మెరుపు కళ్ళ గుంటల్లో పోసిన పాదరసానిది. పక్కనే బంగారు పలక. ఏడేళ్ళు వానల్లేవనీ, ఉన్నదంతా తిని, దేశదేశాలకు మనుషులను పంపితే కొలతకు కొలత ముత్యాలిచ్చినా గోధుమలు దొరకలేదనీ, అప్పుడు తలుపులు మూసుకొని చావుకు సిద్ధపడ్డామనీ అందులో రాసి ఉంటుంది. వచ్చినవారు కావలసింది పట్టుకుపోవచ్చు, నా ఒంటి మీది నగలు మాత్రం ముట్టవద్దని హెచ్చరిక. తాలిబ్ ముట్టుకొంటాడు. మంచానికి అటూ ఇటూ నిలిచిన యంత్రప్రతిమల్లో ఒకటి వీపు మీద కొడుతుంది, రెండోది తల నరుకుతుంది.

మూసా ఏమీ తీసుకోలేదని అనుకోరాదు. మిగిలిన సంపదను ఒంటెల మీద కెక్కించే వెళతాడు. కథ అతన్ని సన్యాసిగా చిత్రించలేదు. కాకపోతే ఖలీఫా పని ముగించిన తరువాత కొడుకుకు అధికారం అప్పగించి జెరూసలేం వెళ్ళి అక్కడే కన్నుమూస్తాడు. చదివినది అతనిలో మిగిలింది.

కరువు కథ ఇది. తెలుగునాట ముత్యాలకు గింజలు రాని కరువులు విన్నవారికి దీనిని వేరే విప్పి చెప్పనక్కరలేదు. ఇందులో నిప్పు లేదు, సుల్తాను లేడు, యుద్ధం లేదు. చచ్చినవారు లేచి రారు. ఉన్నదల్లా రాత, చదివేవాడు, వినేవాడు, వినీ విననివాడు.

ఇక ఆట. 1977లో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఎఫ్రీట్ అనే అగ్నిజాతికి ఈ నగరం రాజధాని అయింది. మూలకథలో జిన్నులున్నారు గాని వారెవరూ ఆ నగర నివాసులు కారు. ఆట కర్తలు జిన్ను జాతులను పంచభూతాల లెక్కన పంచివేశారు: ఒక జాతికి గాలి, ఒక జాతికి నిప్పు. నిప్పు దక్కిన ఎఫ్రీట్‌కు ఊరు కావలసివచ్చింది. పేరులోనే లోహం మెరుస్తున్న ఊరు చేతికి దొరికింది. 1979లో వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్ అట్ట మీద డేవిడ్ సదర్లాండ్ బొమ్మ వేశాడు. ముందు అట్ట మీద ఎర్రని ఎఫ్రీట్, దాని పిడికిట్లో స్త్రీ, ఎదురుగా యోధులు. వెనక అట్ట మీద మంటల నడుమ నగరం. తరువాతి వారందరికీ ఇత్తడి నగరం అంటే ఆ వెనక అట్టే.

ఆ కల్పన బొత్తిగా ఆధారం లేనిదని మేము అనడం లేదు. ఖురాను 55వ అధ్యాయం 15వ వాక్యంలో జిన్నుల పుట్టుక పొగలేని జ్వాల నుంచి అని ఉంది. అదే అధ్యాయం 35వ వాక్యంలో జ్వాలతో పాటు "నుహాస్" అనే మాట వస్తుంది. దానికి కొందరు పొగ అనీ కొందరు కరిగిన రాగి అనీ అర్థం చెప్పారు. 34వ అధ్యాయంలో సులేమాన్ కోసం కరిగిన రాగి ఊటగా పారుతుంది, జిన్నులు అతని కొలువులో పని చేస్తారు. జిన్ను, లోహం, మంట ఒకదానికొకటి దగ్గరగా ఉన్న భావప్రపంచమే అది. నగరానికి అరబ్బీ పేరులో ఉన్నదీ ఈ నుహాసే. ఇంగ్లీషు అనువాదకులు దానిని ఇత్తడి చేశారు, మనం వారి వెంట నడుస్తున్నాం. తెలుగు ఇంట్లో రాగిచెంబునూ ఇత్తడిబిందెనూ కంచుపళ్ళేన్నీ కలిపి ఒకే మాటతో పిలిచేవారు లేరు. ఈ పేచీని మరొకరికి వదిలేస్తున్నాం.

బిందె మాట వచ్చింది కాబట్టి ఒక చిన్న సందేహం. ఇత్తడిని చింతపండు పెట్టి తోమకపోతే నల్లబడుతుంది, చిలుము పడుతుంది. 2001 నాటి మాన్యువల్ ఆఫ్ ది ప్లేన్స్ ప్రకారం ఈ నగరం నలభై మైళ్ళ వెడల్పున్న ఇత్తడి అర్ధగోళం, ధగధగా మెరుస్తూ ఉంటుంది. దానిని ఎవరు తోముతున్నారు? ప్రశ్న హాస్యానికి వేసినది కాదు. ఎఫ్రీట్ బానిసలను ఉంచుకొంటారని ఆ గ్రంథాలు ఒక ముద్రణ తరువాత ఒక ముద్రణలో చెబుతూ వచ్చాయి. నగరానికి బానిసల అంగడి ఒక అలంకారం. ఆ బానిసలు ఏ భాష మాట్లాడతారు, ఏ ఊళ్ళ వాళ్ళు, సాయంత్రం ఏం తింటారు అన్నది చెప్పరు. సుల్తాను నివసించే బొగ్గుల మేడకు ఇచ్చినంత శ్రద్ధ వారికి ఇవ్వలేదు.

సుల్తాను కింద పాషాలు, దేలు, అమీర్లు, వలీలు, మలిక్కులు ఉంటారని 1977 గ్రంథమే చెప్పింది. ఎడ్వర్డ్ సయీద్ ఓరియంటలిజం 1978లో వచ్చింది. పాశ్చాత్యులు తూర్పును క్రూర విలాసాల రంగస్థలంగా ఎలా కట్టుకొన్నారో అందులో ఆయన చెప్పిన మాటలకు ఆ మరుసటి ఏటి అట్టబొమ్మ ఉదాహరణగా కుదురుతుంది. అమెరికా పిల్లవాడికి ఈ బిరుదులు వింత రాక్షసుల పేర్లు. మనకు వజీరు, అమీరు, మాలికు పక్కింటివారి పేర్లు, కచేరీ కాగితాల మాటలు. తెలుగు పాఠకుడు ఈ గ్రంథం చదువుతూ భయపడవలసిన చోట భయపడలేకపోతే అది అతని లోపం కాదు.

మా ప్రధానమైన ఆక్షేపణ మాత్రం వేరే ఉంది. మన కథల్లోనూ లోహపు నగరాలున్నాయి. మయుడు కట్టిన త్రిపురాలు బంగారం, వెండి, ఇనుము. శివుడు ఒకే బాణంతో వాటిని దహించాడు. లంక తగలబడింది. తమిళనాట పెరిగిన మన విద్యార్థులకు కణ్ణగి మధురను కాల్చిన సంగతి బడిలోనే తెలుస్తుంది. వీటన్నింటిలో మంట ఒక సంఘటన. దానికి ముందొక అన్యాయమో అహంకారమో ఉంటుంది, తరువాత బూడిద ఉంటుంది. పురాణాల్లో అగ్నిదేవుడికి తేజోవతి అనే నగరం ఉన్నమాట నిజమే గాని, దిక్పాలకుల పట్టికలో ఒక పేరుగా తప్ప దానికి కథ అంటూ పెద్దగా లేదు. ఆటలోని ఇత్తడి నగరంలో మంట ఎండాకాలం లాంటిది. ఎప్పుడూ ఉంటుంది, ఏదీ కాలిపోదు. కాలిపోతే వచ్చే ఏడు ఇంకో గ్రంథం అమ్మడం ఎలా? 1993లో సీక్రెట్స్ ఆఫ్ ది ల్యాంప్ దీనిని విస్తరించి వర్ణించింది. 2007లో మరో సంస్థ దీని పేరనే ఒక పెట్టె వేసింది. 2008లో లోకపటాన్నే మార్చివేసిన ముద్రణలోనూ నగరం కొత్త చోటికి మారిందే తప్ప చెక్కుచెదరలేదు. 2014లో అది నిప్పుల సముద్రపు ఒడ్డున ఉంది. కథకు ముగింపు కావాలి. రంగస్థలానికి ముగింపు వస్తే వ్యాపారం ఆగుతుంది. చచ్చిపోయిన ఊరిని బతికించడానికి కారణం ఇక్కడ ఉందని మా అభిప్రాయం.

మంట వాతావరణం అయ్యేసరికి ప్రయాణికుడి సమస్య కూడా మారిపోయింది. 2001 నియమాల ప్రకారం అగ్నిలోకంలో రక్షణ లేకుండా అడుగుపెట్టినవాడికి ఆరు సెకండ్లకొకసారి పదిముఖాల పాచికలు మూడు వేసి, వచ్చినంత ప్రాణబలం తీసివేయాలి. సగటున పదహారున్నర. మామూలు పల్లెటూరి మనిషికి ఆ ఆటలో ఉండే బలం నాలుగు దాటడం అరుదు. కాబట్టి ముందుగా రక్షామంత్రం సంపాదించాలి. సంపాదిస్తే చాలు, వెళ్ళవచ్చు. మూలకథలో గోడ మీద నిలిచినవాడికి కావలసినది కళ్ళకు కనిపించేది నిజమా కాదా అన్న వివేకం. దానికి మంత్రం అరువు దొరకదు.

ఇక చదువు సంగతి. షేక్ అబ్దుల్ సమద్ జీవితమంతా లిపులూ భాషలూ నేర్చినవాడు. అతడు లేకపోతే ఆ కథే లేదు. ఆటలో తెలియని భాష చదవడానికి ఒక మంత్రం ఉంది. మంత్రాల మెట్లలో మొట్టమొదటి మెట్టుది, పిల్ల మాంత్రికుడికీ అందుబాటులో ఉన్నది. ఇంతకంటె పెద్ద చిక్కు 1979 నియమాల్లో ఉంది. పాత్ర అనుభవం పెరగడానికి అంకెలు వేస్తారు. రాక్షసులను చంపితే కొన్ని అంకెలు. ఇల్లు చేర్చిన ఒక్కొక్క బంగారు నాణేనికి ఒక్కొక్క అంకె. శాసనం చదివి ఏడ్చినందుకు అంకె లేదు. అంటే తాలిబ్ తల ఏ పనికి తెగిందో ఆ పనికి ఇక్కడ పదోన్నతి. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ తాలిబ్‌లే. 2018లో ఆస్ట్రేలియా సంస్థ ఒకటి ఈ నగరం పేరుతోనే వేసిన కంప్యూటర్ ఆటలో ఆ ముసుగు కూడా లేదు. ఆడేవాడు దొంగ, చేతిలో కత్తీ కొరడా, నెత్తి మీద గడియారం. ఆ ఆటలో నగరవాసులు శవాలే కాబట్టి అది మూలకథకు దగ్గరగా వచ్చినట్టు కనిపిస్తుంది. అయితే అక్కడి శవాలు లేచి మీద పడతాయి. చంపితే దారి ఇస్తాయి. వారు ఎలా చచ్చారన్నది చదవడానికి గడియారం ఆగదు.

ఇదంతా గ్రంథాల మీద తీర్పు. ఆట గ్రంథంలో లేదు, బల్ల మీద ఉంది కాబట్టి మేము ఆడి చూశాం. మా శాఖ గదిలో ఆరు శనివారాలు, తెలుగులో. సూత్రధారి బళ్ళారి అమ్మాయి. పాత్రధారుల్లో హోసూరు, బరంపురం, యానాం వాళ్ళున్నారు, మాలో ఒకరు కూడా కూర్చున్నాం. మొదటి చిక్కు నియమాల్లో రాలేదు, సర్వనామంలో వచ్చింది. ఇంగ్లీషులో ఆడేటప్పుడు ద్వారపాలకుడైన ఎఫ్రీట్ అందరినీ ఒకే మాటతో పిలుస్తాడు. తెలుగులో "నువ్వు" అనాలా "మీరు" అనాలా? మన వాళ్ళు అతనితో ఏమనాలి? పావుగంట వాదన జరిగింది. వాదించినవాళ్ళే నాలుగడుగులు వేసిన తరువాత నీళ్ళ కుండలు మోస్తూ వచ్చిన బానిసను ఏ వాదనా లేకుండా "ఏయ్, ఇటు రా" అని పిలిచారు. సూత్రధారి ఒక్క క్షణం ఆగి, ఆ బానిస నోట యానాం యాసలో "నన్నేనాండీ?" అనిపించింది. యానాం అబ్బాయి తల వంచుకొన్నాడు. నలభై మైళ్ళ నగరం గురించి అన్ని గ్రంథాలూ చెప్పనిది మాకు ఆ ఒక్క మాట చెప్పింది.

తెలుగుదేశానికి బయట పుట్టి పెరిగిన మనకు మరొకరి నగరంలో ఉండడం తెలుసు. ఇంట్లో ఒక లిపి, బడిలో ఒక లిపి, బస్సు మీద ఒక లిపి. మనలో షేక్ కాగలవారు తక్కువేమీ లేరు. అందుకే మూడో శనివారం హోసూరు అబ్బాయి కోటగోడ దగ్గర ఆగి "ఏమప్పా, ఈ గోడమీద ఏమో రాసిండారే, ఏమది?" అని అడిగినప్పుడు మాకు సంతోషం కలిగింది. గ్రంథంలో గోడమీద ఏమీ లేదు. సూత్రధారి తడుముకొని, బరంపురం అమ్మాయి వేసిన భాషామంత్రం కింద "ఇది సుల్తానుగారి కోట, పన్ను కట్టి లోపలికి రండి" అని చదివించింది. అందరూ నవ్వి లోపలికి వెళ్ళారు.

2017లో వచ్చిన చక్రవర్తి అనే అమెరికా రచయిత్రి నవల ఒకటి ఇత్తడి నగరం పేరు పెట్టుకొంది. అందులో జిన్నుల నగరం దేవాబాద్. "ఆబాద్" అన్న తోక వినగానే మన చెవికి ఎవరో చుట్టం పలకరించినట్టు ఉంటుంది. ఆ నవలలో ప్రశ్న నిధి గురించి కాదు. ఆ ఊరు మొదట ఎవరిది, ఇప్పుడు ఎవరు ఏలుతున్నారు, మనుషుల రక్తం కలిసిన షఫీత్ జనానికి ఆ గోడల లోపల ఎంత చోటుంది అన్నది. ఆటల గ్రంథాలు నలభై ఏళ్ళు దాటవేసిన ప్రశ్నను నవల మొదటి అధ్యాయాల్లోనే ఎత్తుకొంది. చదవవలసిన పుస్తకం. ముగ్గురు ముఖ్యపాత్రల పరస్పర ఆకర్షణల మీద అవసరానికి మించిన పేజీలు ఖర్చయ్యాయని మాకు అనిపించిందన్న మాట కూడా చెప్పాలి.

ఆరో శనివారం సంగతి చెప్పి ఆపుతాం. ఆ వారం సూత్రధారి ఇంటి నుంచి ఒక అట్టముక్క తెచ్చింది. మూలకథను మేము ఆమె చేత చదివించి ఉన్నాం. నగరం అడుగున, ఎఫ్రీట్ రావడానికి ముందున్న పాత వీధిలో ఒక గది, గదిలో మంచం, మంచం మీద రాణి అని వర్ణించి, అట్టముక్క బల్ల మీద పెట్టింది. పలక మీది రాత అది. తెలుగు మాటలే, కాని కొన్ని పంక్తులు కన్నడ లిపిలో, కొన్ని తమిళంలో, కొన్ని ఒడియాలో రాసి ఉన్నాయి. భాషామంత్రం ఇక్కడ పనిచెయ్యదని చెప్పింది. నియమాల్లో అలాంటి సూచన ఏదీ లేదు. ఎవరూ నియమం అడగలేదు. ఎవరి పంక్తి వారు పైకి చదివారు, తక్కినవారు రాసుకొన్నారు. ముప్పావుగంట పట్టింది. ముత్యాల పంక్తి బరంపురం అమ్మాయి వంతుకు వచ్చింది. చదివి, ఇంకోసారి చదివింది.

యానాం అబ్బాయి పాత్ర దొంగ. రాణి మెడలో హారం ఉందని అతనికి అంతకు ముందే చెప్పి ఉంది. చేతిలో పాచిక ఉంది. కాసేపు దాన్ని అటూ ఇటూ దొర్లించి, వేస్తున్నానని గాని వెయ్యనని గాని చెప్పకుండా, ఏడేళ్ళు వాన ఎందుకు పడలేదని సూత్రధారిని అడిగాడు. ఆమె దగ్గర జవాబు లేదు. వచ్చే శనివారం చెబుతానంది.